దగ్గు బయట, న్యుమోనియా లోపల

వైద్యరంగంలో స్థిరపడాలని ఉండి, రోగులంటే మాత్రం పడనివాళ్ల కోసమే దేవుడు మెడికల్ కోడింగ్‌ను సృష్టించాడు. రక్తం చూడక్కర్లేదు. నాడి పట్టక్కర్లేదు. అర్ధరాత్రి ఫోన్ చేసి ‘అర్జంటుగా రండి’ అనేవాళ్లు ఉండరు. అమెరికాలో డాక్టరు రాసిపెట్టిన రోగి చార్టు చదివి, జబ్బుకో నంబరు, చేసిన వైద్యానికో నంబరు వేసి పంపితే చాలు. ఆ నంబర్లు చూసి ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బులిస్తుంది, లేదా ఎందుకు ఇవ్వదో చెబుతూ తన నంబరొకటి తిప్పి పంపుతుంది. ఇంత పరిశుభ్రమైన వైద్యవృత్తి మరొకటి లేదని ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం. శిక్షణలో చేరబోయేవారికి అందుకే ఈ నాలుగు మంచి మాటలు.

మొదటి క్లాసులోనే ఒక మహాసత్యం బోధిస్తారు: రాయనిది జరగలేదు. ఉన్నది నిజంగా ఉందా, ఉన్నట్టు కనిపిస్తోందా అని తరతరాలుగా తలలు పగలగొట్టుకున్న వేదాంతులు ఒక్కసారి ఆ క్లాసులో కూర్చుని ఉంటే బోలెడు తాళపత్రాలు మిగిలేవి. సర్జన్ చెమటలు కక్కుతూ చెయ్యి పొడవునా కుట్లు వేసి ఉండొచ్చు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966 నుంచి తెస్తున్న సీపీటీ అనే వైద్యసేవల కోడ్ల పుస్తకంలో కుట్లకు కోడు గాయం పొడవును బట్టి ఉంటుంది. ఆయన సెంటీమీటర్లు రాయడం మరిచిపోయాడా, మీ దృష్టిలో అది చెప్పుకోదగ్గ గాయమే కాదు. మరీ మనసొప్పకపోతే వివరం అడుగుతూ డాక్టరుకు క్వెరీ పంపొచ్చు. అదీ పద్ధతిగా పంపాలి. ‘గాయం పెద్దదే కదండీ?’ అని అడగకూడదు, సమాధానం మీరే అందించినట్టవుతుంది. తెలిసినా తెలియనట్టే అడగాలి. ఈ విద్య వకీళ్లకు కూడా అంత తేలిగ్గా అబ్బదు.

అసలైన జ్ఞానోదయం మాత్రం డాక్టరు ‘బహుశా న్యుమోనియా’ అని రాసిన రోజున అవుతుంది. అమెరికా కోడింగ్ మార్గదర్శకాల ప్రకారం, రోగి వచ్చి చూపించుకుని వెళ్లిపోయే ఔట్‌పేషెంట్ అయితే అనుమానాలకు కోడు వేయకూడదు. తేలినంత వరకే వేయాలి, అంటే దగ్గు, జ్వరం. అదే మనిషి ఆసుపత్రిలో అడ్మిట్ అయ్యి, డిశ్చార్జి నాటికి కూడా డాక్టరు ఆ ‘బహుశా’ను వదలకపోతే, జబ్బు ఉన్నట్టే లెక్కగట్టి న్యుమోనియా కోడు వేయాలి. అవే ఊపిరితిత్తులు, అదే డాక్టరు, అదే అనుమానం. మంచం ఇస్తే న్యుమోనియా, ఇవ్వకపోతే దగ్గు. దీనికి కారణం లేకపోలేదు. అడ్మిట్ చేశాక పరీక్షలూ మందులూ అన్నీ ఆ అనుమానం మీదే నడిచాయి. అంత ఖర్చయిన అనుమానాన్ని ఉత్త చేతులతో ఇంటికి పంపడం ఏం మర్యాద? హెచ్‌ఐవీ లాంటి కొన్ని జబ్బులకు మాత్రం అడ్మిట్ అయినా సరే, ఖాయమైతేనే కోడు. నిబంధనలు రాసినవారికి అక్కడెక్కడో కాస్త భయం వేసినట్టుంది.

రాయనిది జరగలేదు, బాగుంది. మరి రాసిందంతా జరిగినట్టేనా? ఇలాంటి ప్రశ్నలు అడిగే విద్యార్థికి క్లాసులో భవిష్యత్తు ఉండదు. 2009లో హైటెక్ చట్టం తెచ్చి, కాగితం మానేసి కంప్యూటర్‌లో రికార్డులు పెట్టండని అమెరికా ప్రభుత్వం ఆసుపత్రులకు ప్రోత్సాహకాలు ఇచ్చింది. దాంతో డాక్టర్ల చేతిరాత అనే పురాతన సమస్య తీరిపోయి, దాని స్థానంలోకి కాపీ పేస్ట్ వచ్చింది. మోకాలి కింద కాలు తీసేసిన రోగి చార్టులో కూడా ‘రెండు పాదాల్లోనూ రక్తప్రసరణ బాగుంది’ అని ముందే రాసిపెట్టిన టెంప్లేట్ తన మానాన తాను చెప్పుకుపోగలదు. హెల్త్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ పురోగతి అంటే ఇదే. ఇదివరకు అబద్ధం అర్థమయ్యేది కాదు, ఇప్పుడు చక్కటి అక్షరాల్లో చదువుకోవచ్చు.

ఇక జబ్బులకూ గాయాలకూ నంబర్లిచ్చే కోడ్ల పుస్తకం, ఐసీడీ. ఇందులో ఏముందని అడగడం కంటే ఏం లేదని అడగడం సులువు. బాతు కరిస్తే ఒక కోడు, బాతు ఢీకొంటే ఇంకో కోడు (డబ్ల్యూ61.62), కరవకుండా ఢీకొనకుండా వేరేవిధంగా తగిలితే మూడోది. జైలు ఈతకొలనులో దెబ్బ తగిలిందా? స్థలం కోడు ఉంది. విమానం ఇంజిన్ లోపలికి లాక్కుందా? ఉంది, పైగా ఫాలోఅప్‌కు వచ్చిన రోగికి విడిగా ఉంది. గాయాల కోడ్లలో ఏడో అక్షరం ఆ పని చేస్తుంది. ‘ఏ’ అంటే మొదటి సందర్శన అని పేరు. అయితే చికిత్స చురుగ్గా సాగుతున్నంత కాలం పదోసారి వచ్చినా అది మొదటిసారే. ఇక్కడ బుర్ర తిరిగితే కంగారు పడకండి, తల తిరగడానికి ఆర్42 ఉంది. తమాషా ఏమిటంటే, క్లాసంతా నవ్వుకుంటూ గుర్తుపెట్టుకునే ఈ బాతులూ ఇంజిన్లూ తప్పనిసరిగా రాయాలన్న జాతీయ నిబంధనే లేదు. తప్పనిసరిగా రావాల్సిన మధుమేహం కోడ్లు మాత్రం పరీక్ష హాల్లో ఎవరికీ గుర్తురావు.

ఈ జాబితా మూలాలు 1893లో ఉన్నాయి. జాక్ బెర్టిలాన్ అనే ఫ్రెంచి గణాంకవేత్త, మనుషులు దేనివల్ల చనిపోతున్నారో లెక్కపెట్టడానికి దాన్ని తయారుచేశాడు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చేతిలోకి తీసుకుని జబ్బులను కూడా చేర్చింది. పదో కూర్పును ఆ సంస్థ 1990లోనే ఆమోదిస్తే, అమెరికా బిల్లుల్లోకి అది 2015 అక్టోబర్ 1న గానీ రాలేదు. దాదాపు 14 వేలుండే రోగనిర్ధారణ కోడ్లు ఆ రోజు నుంచి సుమారు 70 వేలయ్యాయి. చచ్చినవాళ్లను లెక్కపెట్టడానికి పుట్టిన పుస్తకం బతికున్నవాళ్ల దగ్గర వసూళ్లకు పనికొస్తోంది. ఒక పుస్తకానికి ఇంతకన్నా ఎదుగుదల ఏం కావాలి?

శిక్షణ పూర్తయ్యాక కోడర్‌గా సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్ష ఉంటుంది. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. పుస్తకాలు చూసి రాయొచ్చు. చూసి రాసే పరీక్షే కదా అని తేలిగ్గా తీసుకున్నవాళ్లు పేజీలు తిప్పుతూనే 4 గంటలు గడిపేస్తారు. పాసైతే మీ అర్హత పక్కన చిన్న ‘ఏ’ తగిలిస్తారు, అప్రెంటిస్ అని. అది పోవాలంటే ప్రధానంగా ఉద్యోగానుభవం చూపించాలి. ఉద్యోగం కావాలంటే ఆ ‘ఏ’ లేకుండా ఉంటే మంచిదంటారు. ఇది గిరగిరా తిరిగే సమస్యలా కనిపించినా పుస్తకం మిమ్మల్ని గాలికి వదిలేయలేదు. నిరుద్యోగానికి జడ్56.0 ఉంది. ఉద్యోగం వచ్చాక ఒత్తిడి నిండిన పనివేళలకు జడ్56.3, బాసుతోనూ తోటివాళ్లతోనూ గొడవలకు జడ్56.4, ఆనక బర్నవుట్‌కు జడ్73.0. ఒక కోర్సు తన విద్యార్థి జీవితాన్ని ఇంత ముందుచూపుతో సిలబస్‌లో పెట్టడం నేనైతే ఇంకెక్కడా చూడలేదు.

ఉద్యోగం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గంటకు ఇన్ని చార్టులని టార్గెట్, నూటికి 95 సరిగ్గా ఉండాలని క్వాలిటీ. తక్కువ కోడు వేస్తే ఆసుపత్రికి నష్టం, ఎక్కువ వేస్తే మోసం కేసు. తాడిని తన్నేవాడు కోడర్ అయితే వాడి తల తన్నడానికి ఆడిటర్, ఆడిటర్ తల తన్నడానికి ఇన్సూరెన్స్ వారి సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉంటాయి. ఈమధ్య ఆసుపత్రులు కూడా చార్టు చదివి కోడ్లు సూచించే సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నాయి. ఒక యంత్రం బిల్లు వేస్తుంది, ఇంకో యంత్రం తిరస్కరిస్తుంది, మొదటిది అప్పీలుకు వెళ్తుంది. మనిషి ఎందుకంటారా? ఆ సూచన సరైనదేనని నొక్కడానికి. రేపు తప్పని తేలితే సంజాయిషీ యంత్రాన్ని అడగలేరు కదా.

ఈ ఏర్పాటులో రోగి ఎక్కడా అడ్డు రాడు. ఇంటికెళ్లాక ఏనాటికో బిల్లు అందుకుని, ‘నాకు న్యుమోనియా అని డాక్టరుగారు ఖాయంగా చెప్పలేదే’ అని ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ బిల్లింగ్ వాళ్లకు వెళ్తుంది. కోడర్ దాకా రాదు. ఆ దిగులుతో నిద్ర పట్టక అతను మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఇబ్బందేం లేదు. దిగులుకు ఆర్45.82 ఉంది. ఏడో అక్షరం కూడా అక్కర్లేదు.