రాసో పిట్టకు రెండో ఇల్లు

ఆఫ్రికా పడమటి తీరానికి అవతల ఉన్న కేప్ వెర్డీ దీవుల్లో రాసో ఒక చిన్న ముక్క. విస్తీర్ణం 7 చదరపు కిలోమీటర్లు. ఊరు లేదు, తాగునీళ్లు లేవు. సముద్రపు గాలికి ఎండిపోయిన ఆ రాతినేల మీద మట్టిరంగు పాటపిట్ట ఒకటి బతుకుతోంది. 1898లో శాస్త్రవేత్తల లెక్కల్లోకి ఎక్కిన ఆ పిట్ట పేరు రాసో లార్క్. మొన్నమొన్నటిదాకా ప్రపంచం మొత్తంలో దానికి ఉన్న చోటు అదొక్కటే.

దాని బతుకంతా వాన చేతిలో ఉంది. వాన పడితే గడ్డి, పురుగులు, నేలమీద గూళ్లు. పడకపోతే ఆ ఏడాది గుడ్లే ఉండవు. అప్పుడు ఇసుక తవ్వి తుంగగడ్డలు తింటుంది. మగపిట్ట ముక్కు ఆడపిట్ట ముక్కుకన్నా దాదాపు ఐదో వంతు పొడవెక్కువ. గడ్డలున్న గుంతను తనే తవ్వుకుంటుంది, ఇంకొకదాన్ని దగ్గరికి రానివ్వదు. అందుకే కరువులో ఆడపిట్టలే ఎక్కువగా పోతాయి. అసలు దెబ్బ అక్కడే ఉంది. మిగిలిన పిట్టల్లో సగానికన్నా ఎక్కువ మగవైతే, వాన వచ్చినా గూళ్లు ఎన్ని కడతాయి? 2004లో వాటి సంఖ్య వంద లోపుకు పడిపోయింది. మంచి వానల తర్వాత వెయ్యి దాటింది. ఆ వెయ్యిని చూసి గండం గడిచిందనుకోవడం తప్పని మేం గట్టిగా అంటున్నాం.

ఈ పిట్ట మొదట్లో ఒంటిదీవిది కాదు. పక్కనున్న శాంటా లుజియా, సావో విసెంటే దీవుల్లో దాని పాత ఎముకలు దొరికాయి. 15వ శతాబ్దంలో మనుషులు వచ్చారు, వాళ్ల వెంట పిల్లులు, ఎలుకలు వచ్చాయి. రాసోలో ఎవరూ కాపురం పెట్టలేదు గనుక అక్కడ మాత్రం మిగిలింది. అందుకే 2018లో 37 పిట్టలను పట్టి శాంటా లుజియాకు చేర్చినప్పుడు, అది కొత్తచోటికి తరలింపు కాదు, పుట్టింటికి పంపడం. స్థానిక సంస్థ బయోస్ఫెరా, దానికి తోడు నిలిచినవాళ్లు చేసిన ఆ పనిని మేం మనసారా అభినందిస్తున్నాం. సీషెల్స్‌లో ఒక్క కజిన్ దీవికే పరిమితమైన వార్‌బ్లర్ పిట్టలను 1988లో 29 తీసుకెళ్లి ఆరిడ్ దీవిలో వదిలితే, అక్కడ వేగంగా పెరిగాయి. ఈ దారి పనిచేస్తుంది.

కానీ రిస్క్ పడవలో వస్తుంది. 1918లో ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హోవ్ దీవి దగ్గర మకాంబో అనే ఓడ నేలకు తగిలింది. అందులోంచి దిగిన ఎలుకలు కొద్ది ఏళ్లలోనే అక్కడ తప్ప ఎక్కడా లేని పక్షిజాతులను తుడిచిపెట్టాయి. రాసోలో నేటికీ ఎలుక లేదు, పిల్లి లేదు. జాలర్ల పడవలు మాత్రం వస్తూనే ఉంటాయి. జాలర్లను నిందించి లాభం లేదు, వాళ్లనే కాపలాదారులుగా చేసుకోవాలి. కరువొచ్చాక విరాళాల కోసం పరుగెత్తే బదులు, వానలు బాగున్న ఏడాదే బడ్జెట్‌లో ఒక జీతం రాసిపెట్టాలి: రాసో ఒడ్డుకు వచ్చే ప్రతి పడవలో తాళ్లచుట్టల కింద, వలల మూటల్లో వెతికి చూసే మనిషికి.