తిండి, బట్ట పక్కకుపోయి కొండల్లో ఫ్యాక్టరీలు లేచిన కాలం

చైనా మళ్లీ కొండల వైపు చూస్తోంది. 2023 డిసెంబర్‌లో జరిగిన ఆర్థిక సదస్సులోనూ, 2024 జూలైలో జరిగిన కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ సమావేశం (ప్లీనం)లోనూ 'వ్యూహాత్మక లోపలి ప్రాంతాల' నిర్మాణం గురించి మాట్లాడారు. రేపు యుద్ధమే వచ్చినా, బయటి నుంచి సరుకు ఆగిపోయినా దేశం నడవాలంటే లోపలి ప్రావిన్సుల్లో పరిశ్రమలు సిద్ధంగా ఉండాలన్నది ఆలోచన. ఈ పని చైనా ఇదివరకే ఒకసారి చేసింది. దాన్ని 'మూడో శ్రేణి' అన్నారు. తీరం మొదటి శ్రేణి, మధ్య భాగం రెండోది, సిచువాన్, గుయిజౌ లాంటి కొండ ప్రాంతాలు మూడోది.

1964 మొదట్లో మూడో పంచవర్ష ప్రణాళిక ముసాయిదా వేరేగా ఉండేది. కోట్ల మందిని పొట్టన పెట్టుకున్న కరువు ముగిసి అప్పటికి రెండు మూడేళ్లే. అందుకే ముందు జనానికి తిండి, బట్ట, ఇంట్లో వాడుకునే సామాను అందాలని ప్రణాళికా సంఘం అధిపతి లీ ఫుచున్ లాంటివాళ్లు అనుకున్నారు. మావో ఒప్పుకోలేదు. పరిశ్రమలన్నీ తీరంలో, ఈశాన్యంలో ఉంటే, బాంబులు పడ్డాక ఏం మిగులుతుందన్నది ఆయన ప్రశ్న. ఆగస్టులో వియత్నాం తీరంలో అమెరికా నౌకలపై దాడి జరిగిందన్న టోంకిన్ గల్ఫ్ ఘటన, దాని వెంట ఉత్తర వియత్నాంపై అమెరికా దాడులతో వాదన ముగిసింది. దాచింగ్ చమురు క్షేత్రాన్ని నిలబెట్టిన యూ చియులీ చేతికి ప్లాన్ వెళ్లింది, పాత ప్రణాళికా సంఘం పక్కకు జరిగింది.

ఆ భయం ఉత్తిదేమీ కాదు. 1969లో సోవియట్ సరిహద్దులో కాల్పులు కూడా జరిగాయి. అయితే ఆ భయానికి ఎంత ఖర్చు పెట్టొచ్చని అడిగే మనిషిని ఆ వ్యవస్థ మిగల్చలేదు. నా అభ్యంతరమంతా అక్కడే. 1964 నుంచి 1980 దాకా దాదాపు 20,500 కోట్ల యువాన్లు ఇందులోకి వెళ్లాయి. దేశం మొత్తం నిర్మాణాల మీద పెట్టిన పెట్టుబడిలో ఇది దాదాపు 40 శాతం.

ఫ్యాక్టరీ ఎక్కడ కట్టాలో చెప్పే సూత్రం ఒక్కటే: కొండను ఆనుకుని, చెల్లాచెదురుగా, కంటపడకుండా. హుబే ప్రావిన్సులోని షియాన్‌లో రెండో ఆటోమొబైల్ ఫ్యాక్టరీని అలాగే కట్టారు. ఒకే ఫ్యాక్టరీ, దాని వర్క్‌షాపులేమో లోయల వెంట కిలోమీటర్ల కొద్దీ చెదిరి ఉంటాయి. ఒక లోయలో తయారైన భాగాన్ని ఇంకో లోయకు మోసుకెళితేగానీ లారీ పూర్తి కాదు. అక్కడ మొదట తయారైంది కూడా సైన్యానికి రెండున్నర టన్నుల లారీయే. డాంగ్‌ఫెంగ్‌గా పెరిగిన ఆ కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని చివరికి 2003లో వూహాన్‌కు మార్చుకుంది.

జిన్షా నది ఒడ్డున పాంజిహువాలో ఇనుప ఖనిజం ఉంది. అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ లేచేదాకా తనకు నిద్రపట్టదని మావో అన్నట్టు చెబుతారు. మొదట వెళ్లినవాళ్లకు ఇళ్లు లేవు. మూడు రాళ్లు పెట్టి, మీద గిన్నె పెట్టి వండుకున్నారు, గుడారాల్లో పడుకున్నారు. మన పల్లెల్లో మూడు రాళ్ల పొయ్యి చూసినవాళ్లకు ఆ బతుకేమిటో వేరే చెప్పనక్కర్లేదు. చెంగ్డూ నుంచి కున్‌మింగ్‌కు దాదాపు 1,100 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. 427 సొరంగాలు తవ్వారు. రెండు వేల మందికి పైగా చనిపోయారు. 1970 జూలై 1న అటు రైలు మొదలైంది, ఇటు కొలిమి నుంచి ఇనుము వచ్చింది.

'మంచి మనుషులు, మంచి గుర్రాలు మూడో శ్రేణికి' అన్నది అప్పటి నినాదం. షాంఘై, షెన్‌యాంగ్ లాంటి నగరాల నుంచి పనితెలిసిన కార్మికులను కుటుంబాలతో సహా తరలించారు. చాలా ఫ్యాక్టరీలకు పేరు ఉండదు, నంబరే. ఇంటికి ఉత్తరం రాస్తే చిరునామాలో పోస్టు బాక్సు నంబరు మాత్రమే. తన కొడుకు ఏ ఊళ్లో ఉన్నాడో, ఏం తయారుచేస్తున్నాడో తల్లికి తెలియదు.

ఎవరూ ఎందుకు నోరు మెదపలేదంటే పెంగ్ దెహువాయ్‌ని చూడండి. 1959లో, ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచాలని మావో నడిపిన 'గ్రేట్ లీప్' ఉద్యమం తప్పుల గురించి మావోకు ఉత్తరం రాసి పదవి పోగొట్టుకున్న రక్షణ మంత్రి ఆయన. 1965లో ఆయన్ను నైరుతి చైనాలో ఈ మూడో శ్రేణి పనుల మీదకే పంపారు. ఏడాది తిరిగాక మావో పేరు చెప్పుకుని తిరిగే విద్యార్థి దళాలు, రెడ్ గార్డులు వచ్చి బీజింగ్‌కు పట్టుకుపోయారు. 1974లో నిర్బంధంలోనే పోయాడు. సైన్యంలో అత్యున్నత హోదా ఉన్న ఒక మార్షల్‌కే ఆ గతి పడితే, ఫ్యాక్టరీ ఈ లోయలో వద్దని చెప్పే ధైర్యం ఏ ఇంజనీరుకు ఉంటుంది?

పశ్చిమ చైనాకు రైళ్లు, కరెంటు, ఉక్కు వచ్చింది అప్పుడే కదా అనేవాళ్లు ఉన్నారు. నిజమే, ఆ రైలు మార్గం ఇవాళ్టికీ పనికొస్తోంది. కానీ 1980ల్లో ఎన్నో ఫ్యాక్టరీలను విప్పి మళ్లీ నగరాలకు చేర్చాల్సి వచ్చింది. ఫూలింగ్ దగ్గర కొండను తొలిచి, అణుబాంబుకు కావాల్సిన ప్లుటోనియం కోసం 1967లో మొదలుపెట్టిన 816 ప్లాంట్‌లో 60 వేలకు పైగా సైనికులు పనిచేశారు. 1984లో పని ఆపేశారు. ఒక్క గ్రాము ప్లుటోనియం కూడా రాలేదు. 2010 నుంచి పర్యాటకులు చూసి వస్తున్నారు.

ఇక 1964 ముసాయిదాలో మొదటి వరుసలో ఉన్న బట్ట సంగతి. జనం దాన్ని రేషన్ కూపన్ లేకుండా కొనుక్కోవడానికి 1983 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది.