విలన్‌కు కన్నీటి కథ అక్కరలేదు

కంప్యూటర్ ఆటలు ఆడేవాళ్ల మధ్య ఒక సందేశం కొంతకాలంగా చేతులు మారుతోంది. ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటల్లో (మనమే ఒక పాత్రగా మారి కథ నడిపేవి) విలన్ గుర్తుండిపోవాలంటే అతనికి కన్నీరు తెప్పించే గతం ఉండాలట, అతని వాదనలో న్యాయం ఉండాలట, అతను అందరికన్నా బలవంతుడై ఉండాలట, చివరి పోరాటం ఘనంగా జరగాలట. దీనికి ఒక తోక కూడా ఉంది: మన పురాణాల రాక్షసులు ఒట్టి దుర్మార్గులనీ, లోతున్న ప్రతినాయకుణ్ని లోకానికి ఇచ్చింది ఈ ఆటలేననీ. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో నాకు తెలిసిన కుర్రవాళ్లందరి ఫోన్లకూ ఇది చేరింది. ఇందులో ఒక మాట సగం నిజం. మిగిలినవి తప్పు.

మొదట గతం సంగతి. 1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7ను నేనూ మా తమ్ముడూ చాలా ఆలస్యంగా, నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక ఇంటర్నెట్ కేంద్రంలో గంటకు 15 రూపాయలు ఇచ్చి ఆడాం. తమ్ముడికి ఏరిస్ అంటే ప్రాణం (ఇప్పటి ఆటల్లో ఏరిత్ అంటున్నారు). పూలమ్మే పిల్ల, గాయపడ్డవాళ్లను బాగుచేసే శక్తి ఆమెది. మంచి చేతికర్ర దొరికితే ముందు ఆమెకే ఇచ్చేవాడు. మూడు డిస్కుల ఆటలో మొదటి డిస్కు ముగిసేచోట ఆమె మోకాళ్లమీద కూర్చుని ప్రార్థిస్తుండగా విలన్ సెఫిరాత్ పైనుంచి దిగివచ్చి కత్తి దించుతాడు. ఫీనిక్స్ డౌన్ అనే వస్తువు ఉంటుంది, పోరులో పడిపోయినవాళ్లను లేపుతుంది. అప్పటిదాకా ఎన్నిసార్లు వాడాడో తెలియదు. తమ్ముడు సంచి తెరిచి దానికోసం వెతికాడు. అక్కడ అది పనికిరాదు. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు.

సెఫిరాత్‌కు గతం లేకపోలేదు. ప్రయోగాల్లో పుట్టిన బిడ్డ, నేలమాళిగలో పుస్తకాలు చదివి తన పుట్టుక తెలుసుకుని మతి తప్పినవాడు. ఆ కథ మాకు ఏరిస్ చావుకు ముందే తెలుసు. అయినా ఇరవై ఏళ్లు గడిచాక తమ్ముణ్ని అడిగితే ఆ పుస్తకాల సంగతి చెప్పలేడు. ఆమె జుట్టుముడి విప్పుకుని, అందులోంచి జారిన చిన్న గోళీ మెట్లమీద ఎగురుతూ పోయిన చప్పుడు చెబుతాడు.

2000లో వచ్చిన బాల్డర్స్ గేట్ 2లో విలన్ ఐరెనికస్ ఇంకా మంచి ఉదాహరణ. ఆట మొదలయ్యేసరికే మనం అతని బోనులో ఉంటాం. మనతో పెరిగిన ఇమోయెన్ ఆత్మనూ, తరవాత మన ఆత్మనూ లాగేసుకుంటాడు. అతను సొంతవాళ్లు వెలివేసిన ఎల్ఫ్ జాతివాడనీ, ప్రేమను పోగొట్టుకున్నవాడనీ మనకు పూర్తిగా తెలిసేది చాలా ఆలస్యంగా. అప్పటికి ద్వేషం గట్టిపడి ఉంటుంది. ఆ గతం ద్వేషానికి బరువు చేకూర్చిందే గాని దాన్ని పుట్టించలేదు. ఇదే గతాన్ని మొదటి గంటలో చెప్పి ఉంటే మనకు ఒక జాలికథ మిగిలేది, అంతే.

మా తాతది దేవరకొండ దగ్గరి పల్లె. 1940లలో కుర్రవాడు. దొర గడీ ముందునుంచి నడవాలంటే చెప్పులు విడిచి చేత్తో పట్టుకునేవాళ్లమని, వెట్టికి పిలుపు వస్తే సొంత చేను వదిలి పోవలసిందేనని చెప్పేవాడు. ఆ దొర చిన్నతనం ఎలా గడిచిందో, తండ్రి అతన్ని ఎలా పెంచాడో ఆయన నోట ఒక్కసారీ రాలేదు. ఆ మాటలు చెబుతున్నంతసేపూ కుడిచెయ్యి మాత్రం, చెప్పుల జత ఇంకా వేళ్లకు వేలాడుతున్నట్టే, కాస్త పక్కకు పట్టి ఉండేది. ఆటల్లోని విలన్ గురించి నేను అనేదీ ఇదే. వాడు ఎక్కడినుంచి వచ్చాడన్నది కాదు, మన దగ్గరనుంచి ఏమి పట్టుకుపోయాడన్నది మనసులో నిలుస్తుంది. సినిమాలో పోయేది కథానాయకుడి సొత్తు. ఆటలో పోయేది మనం గంటలకొద్దీ కూర్చుని పెంచుకున్నది. ఈ తేడాను ఆ సందేశం రాసినవారు చూడనే లేదు.

రెండోది, వాదనలో న్యాయం. సగం నిజమన్నది దీన్నే. 2002 నాటి మోరోవిండ్‌లో డాగోత్ ఊర్ తన నేలనుంచి పరాయివాళ్లను వెళ్లగొడతానంటాడు, ఆ మాటకు మన మనసు కొంత ఊగుతుంది కూడా. 2009లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో లోగెయిన్ తన రాజును రణరంగంలో వదిలేసి సైన్యాన్ని వెనక్కి మళ్లిస్తాడు. పొరుగు రాజ్యం మళ్లీ తన దేశాన్ని మింగేస్తుందన్న భయం అతనిది. ఆ భయంలో అబద్ధం లేదు. కాని అతన్ని మరపురానివాణ్ని చేసింది ఆ భయం ఒక్కటే కాదు. చివర్లో అతన్ని క్షమించి మన జట్టులో చేర్చుకోవచ్చు. చేర్చుకుంటే మొదటినుంచీ మన పక్కన నడిచిన అలిస్టేర్ మనల్ని విడిచిపోతాడు. అతని వాదన సరైనదా కాదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి స్నేహితుణ్ని పణం పెట్టాలి. ఆ పణం లేకపోతే లోగెయిన్ ఒక చర్చాంశంగా మిగిలేవాడు. ఇక సెఫిరాత్ వాదనలో న్యాయం మాట అటుంచి, నిజమే లేదు. తనను తాను ప్రాచీన జాతి వారసుణ్ననుకున్నాడు. కాదు.

బలం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2011 నాటి స్కైరిమ్‌లో ఆల్డూయిన్ లోకాన్నే మింగే డ్రాగన్. ఆట మొదట్లో అతను వచ్చిపడటం వల్లే మనం తలారి గొడ్డలినుంచి బతికిపోతాం. అంత పెద్ద ప్రాణి మన దగ్గరనుంచి తీసుకున్నది ఏమీ లేదు. స్కైరిమ్ ఆడినవాళ్లు మంచు కొండలను, అక్కడి పాటలను తలచుకుంటారు. ఆల్డూయిన్ పేరు నేను గుర్తుచేస్తేనే వస్తుంది.

చివరి పోరాటమే విలన్‌ను నిలబెడుతుందన్న మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది, ఎందుకంటే దీన్ని నమ్మి కొత్తవాళ్లు తమ కష్టమంతా ఆఖరి అరగంటకు దాచిపెడుతున్నారు. 1994 నాటి ఫైనల్ ఫాంటసీ 6 చూడండి. అందులోని విలన్ కెఫ్కా విదూషకుడిలా నవ్వుతూ ఒక కోట నీళ్లలో విషం కలుపుతాడు. ఆట మధ్యలోనే గెలిచేస్తాడు, లోకం ముక్కలవుతుంది, మన జట్టు చెల్లాచెదురవుతుంది. ఏడాది తరవాత ఆ జట్టులోని సెలెస్ ఒక దీవిలో కళ్లు తెరుస్తుంది. తాతలా చూసుకున్న సిడ్ జబ్బుపడి ఉంటాడు. సముద్రంలో చేపలు పట్టి అతనికి తినిపించాలి. చురుకైన చేపలు దొరికితే కోలుకుంటాడు, మందంగా ఈదే చేపలే పెడుతూపోతే చనిపోతాడు. ఆ తీరంలో కెఫ్కా లేడు, పోరాటం లేదు. చేపకోసం చెయ్యి చాచిన ప్రతిసారీ అతను చేసిన పని మన ముందు ఉంటుంది. ఇతని గతానికి ఆటలో దక్కింది ఒక ఊరివాడు చెప్పే నాలుగు మాటలు మాత్రమే.

ఇక పురాణాల సంగతి. యాదగిరిగుట్టకో మట్టపల్లికో వెళ్లి ఏటా నరసింహస్వామికి మొక్కు తీర్చుకునే నేలమీద నిలబడి, హిరణ్యకశిపుడు ఒట్టి దుర్మార్గుడని ఎలా అనగలిగారో నాకు అర్థం కాలేదు. భాగవతం సప్తమ స్కంధం విప్పండి. తమ్ముడు హిరణ్యాక్షుడు చనిపోతే, ఏడుస్తున్న తల్లికీ తమ్ముడి భార్యకూ దేహం అశాశ్వతమని వేదాంతం చెప్పి ఓదార్చింది అతనే. అంత తెలిసినవాడు కన్నకొడుకును ఏనుగులతో తొక్కించబోయాడు. మా అమ్మమ్మ ఊళ్లో చిందు యక్షగానం ఆడిన రాత్రులు నాకు బాగా జ్ఞాపకం. స్తంభం దగ్గరికి వచ్చేసరికి పిల్లలమంతా పెద్దవాళ్ల వెనక్కి చేరేవాళ్లం. రాక్షసుడి బలానికి కాదు, ఒక తండ్రి కొడుకు వైపు గద ఎత్తినందుకు.

అతని వరం చూడండి: ఇంటాకాదు బయటాకాదు, పగలూకాదు రాత్రీకాదు, మనిషీకాదు మృగమూకాదు. ఆ నియమాల సందులోంచే అతన్ని చంపారు, గడపమీద, సంధ్యవేళ, గోళ్లతో. 2015లో విచర్ 3కి చేర్పుగా వచ్చిన హార్ట్స్ ఆఫ్ స్టోన్‌లో గాంటర్ ఓడిమ్ సరిగ్గా ఇలాంటివాడే. అద్దాలమ్మే మామూలు మనిషిలా అసలు ఆట మొదట్లోనే ఒక సత్రంలో పలకరిస్తాడు. జాలిపడదగిన గతం అతనికి లేదు. మాటకు కట్టుబడతాడు, ఎదుటివాణ్నీ మాటతోనే కట్టేస్తాడు. అతన్ని ఓడించే దారి కూడా అతను వేసిన పొడుపుకథలోనే ఉంటుంది.

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివే ఒక అబ్బాయి సొంతంగా ఆట తయారుచేస్తున్నాడు. ఈ సందేశం చదివి, తన మంత్రగాడి రాజుకు ఎనిమిది పేజీల గతం రాసుకుని నాకు చూపించాడు. "ఇతను ఆటగాడి దగ్గరనుంచి ఏమి తీసుకుంటాడు?" అని అడిగాను. "అది ఆలోచించలేదన్నా" అన్నాడు. రెండు వారాల తరవాత మళ్లీ వచ్చాడు. ఇప్పుడు మొదటి గంటంతా ఆటగాడు ఒక కోడెదూడను సాకుతాడు. గడ్డి కోసుకొస్తాడు, వాగుకు తోలుకెళ్తాడు, సంతలో దానికి మెడగంట కొంటాడు. రెండో గంటలో రాజు మనుషులు వచ్చి దాన్ని విప్పుకుపోతారు. గంట చప్పుడు పూర్తిగా వినిపించకుండా పోయేవరకూ ఆట మనల్ని కదలనివ్వదు. రాజు ఇంకా ఒక్కసారి కూడా తెరమీదికి రాలేదు.