నల్లిబొక్క ఎవరి విస్తట్లో పడింది?

తెలుగు కుటుంబ చిత్రంలో భోజనాల సీను చూస్తే ఆ ఇల్లు ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. వరసగా అరిటాకులు, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. కులం పేరు ఎవరూ ఎత్తరు, ఎత్తాల్సిన పనీ ఉండదు. 2014లో కేంద్ర ప్రభుత్వం చేసిన ఎస్ఆర్ఎస్ (నమూనా నమోదు వ్యవస్థ) బేస్‌లైన్ సర్వేలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటా నూటికి 98 మందికి పైగా మాంసాహారులేనని తేలింది. తెర మీది ఉమ్మడి కుటుంబం మాత్రం పండగపూట కూడా మటన్ జోలికి పోవడం తక్కువ.

అందుకే 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’ గురించి మాట్లాడాలంటే తెలంగాణ యాస కంటే ముందు నల్లిబొక్కతో మొదలుపెట్టాలి. వేణు యెల్దండి తీసిన ఆ సినిమాలో బావాబామ్మర్దులు ఏళ్ల తరబడి ముఖాలు చూసుకోకపోవడానికి మూలం, విందులో అల్లుడికి దక్కని ఒక మూలుగ ఎముక. ఎరగనివాళ్లకు నవ్వులాటగా ఉంటుంది. మేకకు కాళ్లు నాలుగే. మూలుగ నిండుగా ఉండే బొక్కలు వచ్చేవే కొన్ని, అదీ కసాయి పొడుగ్గా కొట్టి ఇస్తేనే. చిన్న ముక్కలుగా కొడితే మూలుగ కారి పులుసులో కలిసిపోతుంది. ఇరవై మంది కూర్చున్న బంతిలో అది ఎవరికి పడితే వాళ్లదే మర్యాద. గరిటె ఇంటల్లుడిని దాటి పోయిందంటే నలుగురిలో తీసిపారేసినట్టే. ఈ లెక్క తెలిసినవాళ్లు రాశారు గనుకనే కథ నిలబడింది.

ఆ యాస దగ్గరే చాలామంది సినిమా రచయితలు బోల్తా పడతారు. కోస్తా వాక్యం రాసుకుని చివర్లో క్రియ మార్చేస్తారు: ‘వచ్చాడు’ కాస్తా ‘వచ్చిండు’, ‘ఇంట్లో’ కాస్తా ‘ఇంట్ల’. వరసలు మాత్రం అలాగే ఉండిపోతాయి. తండ్రిని ‘నాన్నగారూ’ అని పిలిచిన పల్లెటూరి కొడుకు మరుక్షణం ‘గట్లెట్ల’ అంటే ఎవరు నమ్ముతారు? అక్కడ ‘బాపు’ ఉండాలి, లేదా ‘నాయిన’. పైగా తెలంగాణ యాస ఒక్కటే కాదు. కరీంనగర్ వైపు ‘వత్తాండు’ అనే మనిషి హైదరాబాద్ వాడిలా ‘వస్తుండు’ అంటే ఊరివాళ్లు వెంటనే పట్టేస్తారు. స్క్రిప్టులో సరిగ్గా ఉన్నది కూడా డబ్బింగ్ గదిలో పాడవుతుంది. మాటలు అవే ఉంటాయి, సాగదీత పోతుంది. ‘ఫిదా’లో (2017) సాయి పల్లవి గొంతు ఆమెదే కావడం, ‘కేరాఫ్ కంచరపాలెం’లో (2018) విశాఖలోని ఆ పేట మనుషులే నటించడం పనికొచ్చింది ఇందుకే.

ఇక ‘బలగం’లో నాకు మింగుడుపడనిదీ ఉంది. చనిపోయిన ఇంటిపెద్దకు పెట్టిన ముద్దను పిట్ట (కాకి) ముట్టకపోవడంతో గొడవలు ఇంకా ముదిరిన రక్తసంబంధాన్ని చివర్లో కలిపేది బుడగ జంగాల (ఊరూరా తిరిగి కథలు పాడే కళాకారుల) పాట. మొగిలయ్య, కొమురమ్మ దంపతుల్నే తెచ్చి పాడించడం గొప్ప నిర్ణయం. వృత్తి కళాకారుల వేషం సినిమా నటులకు తగిలించే మన అలవాటుకు అది చెంపపెట్టు. అయితే వాళ్లు పాడతారు, ఇల్లు ఏడుస్తుంది, కథ ఆ ఇంటితోనే ముగుస్తుంది. పాడినవాళ్లకు ఓ ఇల్లూ, ఓ బలగమూ ఉంటాయన్న ఊసు రాదు. ప్రాతినిధ్యం అన్నప్పుడు తెర మీద కనిపించారా అన్న ప్రశ్నతో ఆగిపోతున్నాం. కథ ఎవరి గుమ్మంలోంచి చూస్తోందని అడగడం లేదు.

ఆడబిడ్డల సంగతీ అంతే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, అప్పటికి పెళ్లికానివాళ్లకు. 2005లో కేంద్రమూ చట్టం మార్చింది. మన కుటుంబ చిత్రాల్లో మాత్రం పుట్టింటితో ఆమె బంధం ఇప్పటికీ చీర, సారె, కన్నీళ్ల దగ్గరే ఆగుతుంది. వాటా అడిగితే ఆమెకు గయ్యాళి ముద్ర ఖాయం.

ఆ భోజనాల సీనులోనే ఇంకో బంతి ఉంటుంది. అల్లుళ్లు, కొడుకులు లేచాక వండినవాళ్లు కూర్చునేది. అప్పటికి గిన్నె అడుగున మిగిలేది పులుసు. ఆ బంతి దాకా కెమెరా ఉండటం అరుదు.