‘ఆపేనాటికి నడిచింది’ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఇంగ్లీషులో మీ పేరు ‘రాన్ వెన్ పార్క్‌డ్’. నేను మాత్రం ‘ఆపేనాటికి నడిచింది’ అని పిలుచుకుంటున్నాను. అమెరికాలో మా విస్కాన్సిన్ రాష్ట్రంలో పాత గార్డెన్ ట్రాక్టర్‌ని రోడ్డు పక్కన అమ్మకానికి పెట్టేవాళ్లు ధర రాయడం మర్చిపోయినా, అట్టముక్క మీద మిమ్మల్ని రాయడం మర్చిపోరు.

ముందుగా క్షమాపణ. నాలుగేళ్లుగా మిమ్మల్ని అబద్ధాలకోరని తిడుతూ వచ్చాను. మొన్న తీరిగ్గా ఆలోచిస్తే తప్పు నాదేనని తేలింది. మీలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఏ బండైనా ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. ‘పోయేదాకా ఆయన బతికే ఉన్నాడండీ’ అన్నట్టు. ఎప్పుడు ఆపారు, ఎందుకు ఆపారు అన్న విషయాల జోలికే మీరు వెళ్లలేదు. కాకలు తీరిన ప్లీడరు కూడా ఇంత జాగ్రత్తగా ఒక వాక్యం రాయలేడు.

మా తెనాలి వైపు మీకో చుట్టం ఉన్నాడు, ‘డాక్టరు గారు వాడిన బండి’ అని. సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే చోట ఎటు చూసినా ఆయనే. మా వైపు డాక్టర్లకంటే వాళ్లు వాడి వదిలేసిన కార్లే ఎక్కువ. ఆ చుట్టాన్ని చిన్నప్పటినుంచీ చూసి కూడా మీ మాట ఎలా నమ్మానంటారా, చెబుతాను.

మాది మిల్వాకీకి ఉత్తరాన ఎకరన్నర స్థలం. మంచు కరిగాక కూరగాయల మడి దున్నాలి. తర్వాత ఐదారు నెలలు గడ్డి కోయాలి. ఆపైన రాలిన ఆకులు, ఆ తర్వాత మోకాలి లోతు మంచు. ఏడాదంతా సెలవు లేని వ్యవసాయం, పంట మాత్రం రెండు సంచుల గోంగూర. ఇన్ని పనులకీ ఇన్ని యంత్రాలు కొనేబదులు, అన్నీ చేసే నమ్మకమైన పాత ట్రాక్టర్ ఒక్కటి కొంటే చాలని లెక్కేశాను. ఒక్కటి. ఈ మాట మా ఆవిడ ముందు అన్నాను కాబట్టి రికార్డులో ఉండిపోయింది.

కొత్తది కొనుక్కోవచ్చుగా అంటారు. పెద్ద షాపుల్లో వరసగా నిలబెట్టి ఉండే లాన్ ట్రాక్టర్ గడ్డి కోయడానికి పుట్టింది. దానికి నాగలి కడితే ఆ రేకు ఒళ్లు, ఆ చిన్న గేర్‌బాక్సు ఎన్నాళ్లో తట్టుకోవు. గార్డెన్ ట్రాక్టర్ జాతే వేరు. మందపాటి ఫ్రేము, పోత ఇనుము గేర్‌బాక్సు, పెద్ద వెనక చక్రాలు. కొత్తగా అలాంటిది కొనాలంటే వేల డాలర్లు. పాతదైతే వందల్లో దొరుకుతుంది. ఆ వందల దగ్గరే మీరు కాచుకుని కూర్చుంటారు.

పైగా నేనుంటున్న చోటు అలాంటిది. పోర్ట్ వాషింగ్టన్ మా ఇంటికి దగ్గరే. బోలెన్స్, సింప్లిసిటీ అనే ట్రాక్టర్ కంపెనీలు రెండూ ఆ ఊరివే. పడమరగా వెళ్తే హోరికాన్. జాన్ డీర్ 1963లో తన మొదటి లాన్ అండ్ గార్డెన్ ట్రాక్టర్ ‘110’ని చేసింది అక్కడే. ఇంకా పైకి వెళ్తే ఆష్‌కాష్ దగ్గర విన్నెకాన్. 1964లో కోల్ట్ అనే చిన్న కంపెనీని కొన్న కేస్ అనే ట్రాక్టర్ కంపెనీ వాళ్లు, గేరు మార్చినప్పుడల్లా క్లచ్ తొక్కే బాధ లేకుండా నూనె ఒత్తిడితోనే నడిచే ట్రాక్టర్లు అక్కడ చేశారు. షెబాయ్‌గన్ పక్కన కోహ్లర్ అని ఒక ఊరుంది. అవునండీ, మీ ఇంట్లో కుళాయి మీద, కమోడ్ మీద ఉండే పేరే. ఆ కాలపు గార్డెన్ ట్రాక్టర్లలో చాలావాటికి గుండెకాయ కూడా ఆ కంపెనీ ఇంజినే. పోత ఇనుముతో చేసిన ఒంటి సిలిండర్.

ఇన్ని పుణ్యక్షేత్రాల నడుమ కాపురం పెట్టి భక్తి పుట్టకుండా ఉండటం ఎలా? నెల రోజులు నిద్రలేదు. పసుపూ తెలుపూ కబ్ క్యాడెట్ కొనాలా? ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లు అరవైల మొదట్నుంచి కెంటకీలోని లూయీవిల్‌లో చేశారు. డెబ్భైల మోడళ్లలో ఇంజిన్ నుంచి వెనక్కి బెల్టు కాదు, పెద్ద ట్రాక్టర్లలోలాగా షాఫ్టు వెళ్తుంది. 1981లో ఆ వ్యాపారాన్ని ఎంటీడీ అనే ఇంకో కంపెనీకి అమ్మేశారు. అభిమానులకి ఆ ఏడాది క్రీస్తుశకం లాంటిది, అంతకు ముందు, ఆ తర్వాత అనే లెక్కపెడతారు. పోనీ 1983లో వచ్చిన జాన్ డీర్ 318? పవర్ స్టీరింగు, హైడ్రాలిక్ లిఫ్టు, 18 హెచ్‌పీ ఓనన్ ఇంజిన్. కూర్చుంటే కారులో కూర్చున్నట్టే. కానీ ఆ ఇంజిన్లు చేయడం ఆపేసి చాలా ఏళ్లయింది, విడిభాగం కావాలంటే జేబు తడుముకోవాలి. లేకపోతే ఇండియానాలోని సౌత్ బెండ్ నుంచి వచ్చిన ఎర్ర వీల్ హార్స్? 1946లో ఎల్మర్ పాండ్ మొదలుపెట్టింది. 1974లో అమెరికన్ మోటార్స్ చేతికి, 1986లో టోరో చేతికి వెళ్లింది. సొగసేమీ లేదు, మొరటు మనిషి. నాకు మొరటు మనుషులంటే ఇష్టం.

ఇంత చదివి, ఇంత తేల్చుకుని, ఒక శనివారం పాలు తేవడానికి వెళ్తూ మీ బోర్డు చూశాను. చదివిందంతా అక్కడే మర్చిపోయాను.

ఆ బండి ఏ కంపెనీదో చెప్పను. దాన్ని చేసినవాళ్ల పాపం ఇందులో ఏమీ లేదు. నాలుగు వందల యాభై డాలర్లు. ‘కార్బ్యురేటర్ శుభ్రం చేస్తే చాలు’ అన్నాడు అమ్మినాయన. అది మీ సొంత తమ్ముడు. అంత చిన్న పనైతే అదేదో నువ్వే చేసి ఇంకో రెండొందలు ఎక్కువ చెప్పొచ్చుగా అని అడగాలి. అప్పటికే నేను తాళ్లు కడుతున్నాను.

ఇంటికొచ్చి ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వాసన కాదు, పాత వార్నిష్ వాసన వచ్చింది. ఇక్కడి పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఏళ్ల తరబడి నిలవుంటే కార్బ్యురేటర్లో సన్న దారులన్నీ పూడుకుపోతాయి. ఇంజిన్ పైరేకు విప్పితే గాలి ఆడాల్సిన రెక్కల మధ్య ఎలుకల గూడు. ఎలుకలు చదువుకున్నవే. గూట్లో పేపరు ముక్కలున్నాయి, ఒకదాని మీద తేదీ కూడా మిగిలింది: 2003. అయ్యా, మీరు చెప్పకుండా దాచిన సంగతి ఎలుకలు చెప్పాయి.

ఆ వేసవంతా దానికే పోయింది. రింగులు, కాయిలు, పెట్రోలు గొట్టాలు, బ్యాటరీ. చివరికి స్టార్టయింది. వీధి చివరిదాకా వెళ్లొచ్చాను, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంజిన్ వేడెక్కాక మా పెరట్లో చిన్న గట్టు ఎక్కమంటే మాత్రం ఎక్కనంది. గేర్ల బదులు నూనె ఒత్తిడితో చక్రాలు తిప్పే హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ అరిగిపోతే అంతేనట. చల్లగా ఉన్నప్పుడు వీరుడు, నూనె వేడెక్కాక సోమరి. అలాంటి బండిని పావుగంట నడిపి, ఆ తర్వాత ఎత్తు ఎక్కించి చూడాలి. నేను స్టార్ట్ కూడా చేయకుండా కొన్నాను.

మరుసటేడు జూన్‌లో నాన్న వచ్చారు. గరాజ్‌లో దాన్ని చూసి చుట్టూ ఒకసారి తిరిగారు.

“ఎంతకి తెచ్చావురా?”

“నాలుగొందల యాభై, నాన్నా.”

మనసులోనే రూపాయల్లోకి మార్చుకున్నట్టున్నారు, కాసేపు మాట్లాడలేదు.

“హెచ్‌పీ ఎంత?”

“పన్నెండు.”

“మన బోరు మోటారు ఐదు. పర్లేదు, రెండింతల పైనే. నడుస్తుందా?”

“ఆపేనాటికి నడిచిందన్నాడు నాన్నా.”

“మీ తాతా అంతేరా,” అని లోపలికి వెళ్లిపోయారు.

ఆ ఆదివారం ఇంకో బండి చూడ్డానికి ఆయన్ని కూడా తీసుకెళ్లాను. అమ్ముతున్నది ఎనభై దాటిన పెద్దాయన. ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్తున్నాడు. నేను తిన్నగా ట్రాక్టర్ దగ్గరికి నడిచాను. నాన్న తిన్నగా కొట్టంలోకి నడిచారు. నేల మీద నూనె మరకలున్నాయేమో చూశారు. స్పానర్లు మేకులకి వరసగా వేలాడుతున్నాయేమో చూశారు. గ్రీజు గన్ తీసి, పట్టుకునే చోట దుమ్ము ఉందేమో వేలితో రాసి చూశారు. “బండి ఏదైనా చెబుతుందిరా, కొట్టం అబద్ధం చెప్పదు,” అన్నారు నాతో తెలుగులో. పెద్దాయనకి తెలుగు రాకపోయినా నవ్వాడు.

అప్పుడుగానీ బండి దగ్గరికి రాలేదు. ముందు ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టారు. మనం వస్తున్నామని తెలిసి ముందే ఒకసారి స్టార్ట్ చేసి వేడి చేశారేమోనని. చల్లగానే ఉంది. నూనె పుల్ల తీసి వాసన చూశారు. పెట్రోలు వాసన వస్తే నూనెలో పెట్రోలు దిగుతున్నట్టే. సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసినట్టు ముందు చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపారు. కొంచెం ఆడింది. “ఈ వయసుకి ఆ మాత్రం ఆడుతుంది. నావీ ఆడుతున్నాయి,” అన్నారు మోకాళ్లు చూపించి.

వీల్ హార్స్ సీ-120. డెబ్భైల నాటిది. కోహ్లర్ 12 హెచ్‌పీ ఇంజిన్, ఎనిమిది గేర్లు: ఆరు ముందుకి, రెండు వెనక్కి. హైడ్రోస్టాటిక్ కాదు, ఉత్త ఇనుప గేర్లు. వేడెక్కి అలిగేందుకు అందులో ఏమీ లేదు. కొట్టం గోడ మీద నూనె మార్చిన తేదీలు పెన్సిల్‌తో వరసగా రాసి ఉన్నాయి, పై వరసలో 1978. అయ్యా, గమనించారా? ఆ గోడ మీద ఎక్కడా మీరు లేరు.

తొమ్మిది వందల డాలర్లు. అందులోనే గడ్డి కోసే డెక్కు, మంచు ఎగజిమ్మే స్నో బ్లోయరు, వెనక చక్రాల గొలుసులు, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన పాత మాన్యువల్. ఇక్కడ ఒక్క మాట మీ బోర్డు చూసి ఆగే జనాలకి చెప్పాలి. ఉత్త ట్రాక్టర్ చవగ్గా దొరికిందని మురిసిపోకండి. ఒక కంపెనీ బ్లోయరు ఇంకో కంపెనీ బండికి పట్టదు, ఒక్కోసారి అదే కంపెనీ వేరే మోడల్‌కి కూడా పట్టదు. డెక్కూ బ్లోయరూ విడిగా వెతికి కొనేసరికి ఇంకో ట్రాక్టర్ ఖరీదవుతుంది.

ఆగస్టులో ఒకరోజు అది స్టార్ట్ కాలేదు. నాకు టెన్షన్. నాన్న అరుగు మీదనుంచే అడిగారు, “ప్లాటినం చూశావా?” మన మెకానిక్కులు ప్లాటినం అనేది ఇక్కడి పాయింట్లే, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే చిన్న స్విచ్చు. మూత తీసి సన్నటి ఎమెరీ పేపరుతో రుద్ది, మధ్య ఖాళీ అంగుళంలో యాభయ్యో వంతు పెట్టాను. ఒక్క దెబ్బకి అందుకుంది. పన్నెండు హెచ్‌పీని బోరు మోటారుతో పోల్చిన ఆయనకి అప్పుడు చెప్పాను, ఈ ఒంటి సిలిండర్ 476 సీసీ, మీ పాత 350 బుల్లెట్ కంటే పెద్దదని. “అదీ, నేననుకున్నా. శబ్దం తెలిసిన శబ్దంలా ఉంది,” అన్నారు. ఊరెళ్లే లోపు రెండుసార్లు ఆయనే గడ్డి కోశారు, పంచె ఎగగట్టి. పంచెతో వద్దు నాన్నా, బెల్టులున్నాయి అంటే వినరు. ప్యాంటు వేసుకోవడానికి మా ఆవిడ చెప్పాల్సి వచ్చింది.

ఇక నేను గొప్పగా చెప్పిన ‘ఒక్కటి చాలు’ సంగతి. బండి ఒక్కటే, నిజమే. కానీ దానికి కాలానికో వేషం. నవంబర్‌లో డెక్కు దింపాలి. అంటే చల్లటి సిమెంటు మీద పడుకుని, ఏడాదంతా తుప్పు తాగిన పిన్నుని సుత్తితో బతిమాలాలి. తర్వాత బ్లోయరు ఎక్కించాలి, బెల్టు వెయ్యాలి, గొలుసులు కట్టాలి, చక్రాలకి బరువులు బిగించాలి. ఇందులో ఖచ్చితమైన నియమం ఒకటుంది. బ్లోయరు ముందే ఎక్కిస్తే ఇంకో మూడు వారాలు ఎండ కాసి గడ్డి పెరుగుతుంది. ‘వచ్చే ఆదివారం చూద్దాంలే’ అనుకుంటే శనివారం రాత్రే మంచు పడుతుంది. నేను రెండూ చూశాను. అందుకే ఈ దేశంలో పాత ట్రాక్టర్ ఉన్నవాళ్లకి రెండేసి ఉంటాయి, ఒకటి గడ్డికి, ఒకటి మంచుకి. వాళ్లని పిచ్చివాళ్లనుకునేవాణ్ణి. ఇప్పుడు వాళ్లకి నడుంనొప్పి లేదని తెలిసింది. మా ఆవిడకి మాత్రం నా దగ్గర ఒక్కటే ఉందని వాదిస్తున్నాను, ఎందుకంటే నడిచేది ఒక్కటే.

“మరి రెండోది ఎందుకు మన కారు ఉండాల్సిన చోట?” అని ఆమె అడిగే ప్రశ్నకి జవాబు దొరకలేదు. ఈ మే నెలలో దాన్ని రోడ్డు పక్కన పెట్టాను.

మీ మీద కోపంతో బోర్డు మీద నిజం రాశాను. ‘2003 నుంచి కదల్లేదు. ఇంజిన్ బాగుచేశాను. ట్రాన్స్‌మిషన్ వేడెక్కితే గట్టు ఎక్కదు. 300.’ మూడు వారాలు. ఒక్క కారు ఆగలేదు. ఒకాయన వేగం తగ్గించి, బోర్డు చదివి, వేగం పెంచాడు.

నాలుగో శనివారం పొద్దున మా ఆవిడ ఆ అట్ట తిప్పి, వెనక వైపు మార్కర్‌తో మూడు ఇంగ్లీషు మాటలు రాసింది. అబద్ధమేమీ కాదుగా అంది. కాదు. ధర రాయడం మర్చిపోయింది. మధ్యాహ్నం అన్నం తింటుండగా పికప్ ట్రక్కు ఆగింది. కుర్రాడు, ముప్ఫై ఉంటాయేమో. కళ్లలో ఆ వెలుగు నాకు తెలుసు. నేను గట్టు సంగతి మొదలుపెట్టాను. వేడెక్కితే, అన్నాను. అతను ఫర్వాలేదన్నట్టు చెయ్యూపాడు. “కార్బ్యురేటర్ శుభ్రం చేస్తే సరిపోతుందేమో,” అన్నాడు తనకి తనే. ఎలుకల గురించి చెప్పబోయాను. అప్పటికే తాళ్లు కడుతున్నాడు. నాలుగొందల యాభై చేతిలో పెట్టాడు.

ట్రక్కు ఎక్కబోతూ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి, మొహమాటంగా అడిగాడు, ఆ బోర్డు కూడా తీసుకెళ్లొచ్చా అని.

ఇట్లు,
మీ మాజీ బాధితుడు