కార్డు ఎవరి జేబులో ఉండాలి?

కెమెరా వంక సూటిగా చూడాలి, నవ్వకూడదు, తల కదపకూడదు. గుర్తింపు కార్డుకు వెళ్లిన చాలామందికి ఇది నిమిషం పని. ఆటిజం ఉన్న యువకుడికి మాత్రం ఆ ఫ్లాష్ వెలుగు, వెనక క్యూలో గోల, ముక్కూమొహం తెలియని మనిషి వేలు పట్టుకుని యంత్రం మీద నొక్కడం అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. సెరిబ్రల్ పాల్సీతో వేళ్లు బిగుసుకుపోయినవారికి స్కానర్ మీద ముద్ర పడదు. 'మళ్లీ రండి' అంటారు. అలా రెండుమూడుసార్లు తిప్పితే ఇంట్లోవాళ్లే విసిగి ఊరుకుంటారు. వేలిముద్ర పడనిచోట మరో పద్ధతిని అంగీకరించడం, రద్దీ లేని వేళ రమ్మనడం, తప్పనిసరైతే ఇంటికే వెళ్లి ఫొటో తీయడం అసాధ్యమైన పనులేం కావు.

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 18వ అధికరణ గుర్తింపు పత్రాలను పొందడం, దగ్గర ఉంచుకోవడం, వాడుకోవడం గురించి మాట్లాడుతుంది. 'దగ్గర ఉంచుకోవడం' అన్న మాటను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మేధో వైకల్యం ఉన్న పెద్దవారి కార్డు చాలాసార్లు తల్లిదండ్రుల బీరువాలోనో, ఆశ్రయమిచ్చిన సంస్థ ఫైల్లోనో ఉంటుంది. పోగొట్టుకుంటారన్న భయం సహజమే. కానీ కార్డులు పోగొట్టుకోనివాళ్లు మనలో ఎందరు? పోతే ఇంకొకటి ఇస్తారు.

వైకల్యాన్ని గుర్తించే ప్రత్యేక కార్డులూ ఉన్నాయి. జపాన్‌లో మేధో వైకల్యం ఉన్నవారికి 1973 నుంచే అలాంటిది ఉంది. ఒక సభ్య దేశం ఇచ్చిన వైకల్య కార్డు మిగతా సభ్య దేశాల్లోనూ చెల్లేలా ఐరోపా సమాఖ్య 2024లో చట్టం చేసింది. రాయితీలకు ఇవి అక్కరకొస్తాయి, మంచిదే. అయితే సాధారణ పౌరుడి కార్డు ఇవ్వకుండా దీనితో సరిపెట్టుకోమంటే ఒప్పుకోలేం.

మరి వైకల్యం సంగతి సాధారణ కార్డు మీదే ముద్రించాలా? అడిగిన ప్రశ్నకు వెంటనే బదులివ్వని మనిషిని పోలీసులు తాగినవాడనుకునే ప్రమాదం ఉంది కాబట్టి ముద్రించాలని కొందరు తల్లిదండ్రులు అంటారు. వారి టెన్షన్ కాదనలేనిది. కానీ అదే కార్డును అద్దె ఇంటి యజమానికీ, ఉద్యోగమిచ్చేవారికీ చూపాలి. అందుకే ఆ గుర్తు ఉండాలో వద్దో కార్డు ఎవరిదో వారే చెప్పాలి, వద్దనుకున్నప్పుడు తీయించుకునే వీలుండాలి. ఉంచదలిస్తే జబ్బు పేరులా ఏదో రాయడం కన్నా 'మాట నెమ్మదిగా వస్తుంది, కాస్త ఆగండి' అని రాస్తే ఎదుటివారికి ఏం చేయాలో తెలుస్తుంది.

ఇక వైకల్య కార్డు రెన్యువల్. డౌన్ సిండ్రోమ్ క్రోమోజోముల్లో పుట్టుకతో వచ్చే తేడా, జీవితాంతం ఉంటుంది. అది ఇంకా ఉందో లేదో తేల్చాలంటూ ఏ కార్యాలయమూ ఆ సిండ్రోమ్ ఉన్నవారిని మళ్లీ డాక్టర్ల ముందు నిలబెట్టకూడదు.