మిక్సీల ఏస్తే తెల్వదు: ఒక చేదు పల్లీకి ఉత్తరం

మహారాజశ్రీ చేదు పల్లీ గారి సముఖానికి,

మహబూబ్‌నగర్ వాస్తవ్యుడు సవినయంగా రాసుకునే మనవి ఏమనగా:

మొన్న ఆదివారం తమరు మా గరీబుఖానాకు వేంచేశారు. పిలవకపోయినా వచ్చారు, ఒంటరిగా కూడా రాలేదు. పొడి కొట్టడానికి తెచ్చిన రెండు కిలోల పల్లీల్లో తమ బంధుబలగం ఎంత ఉందో చాటలో పోశాక గానీ తెలియలేదు. అన్నం తిని కాసేపు నడుం వాల్చుదామనుకున్నవాణ్ణి, కళ్లద్దాలు పెట్టుకుని చాయ్ వేళ దాకా తమ సేవలోనే ఉండిపోయాను. ముడతలు పడ్డవారిని ఒక పక్కకు, నల్లబడ్డవారిని ఒక పక్కకు, పైకి పెద్దమనిషిలా కనబడుతూ పొట్టు కింద పచ్చటి బూజు దాచుకున్నవారిని ఇంకో పక్కకు కూర్చోబెట్టాను. మా ఆవిడ ఒకసారి వచ్చి చాటలోకి తొంగిచూసి, "మంచివి ఏరుతున్నరా, చెడ్డవి ఏరుతున్నరా?" అని అడిగి వెళ్లిపోయింది. రెండు కుప్పలు చూస్తే అడగాల్సిన ప్రశ్నే.

తమను నాకు అంటగట్టిన దుకాణదారు ఏమన్నాడో తమరూ సంచిలో ఉండి వినే ఉంటారు. "కొత్త పంట సార్, యాసంగి మాల్. ఒక్క గింజ చెడ్డదున్నా పైసలు వాపస్." మరునాడు పొద్దున్నే తమరందరినీ కవర్లో వేసుకుని తీసుకెళ్లాను. ఆయన పైసలు ఇవ్వలేదు, ఇవ్వననీ అనలేదు. కవర్లోకి చూసి, చదువుకున్న వాళ్లు ఇట్లనే ఉంటరన్నట్టు జాలిగా నవ్వి అన్నాడు:

"ఇవెందుకు ఏరిన్రు సార్? మిక్సీల ఏస్తే తెల్వదు గదా!"

ఈ ఉత్తరం ఆ మాట మీదనే.

తమ రుచి గురించి ఫిర్యాదు చేయను. జడ్చర్ల బస్టాండ్‌లో పొట్లం కొన్న ప్రతివాడికీ తమరు పరిచయమే. పొట్లమంతా కమ్మగా తినిపించి చివరి గింజగా రావడం తమకు ఎవరు నేర్పారో గానీ, మంచినీళ్ల బాటిల్ బస్సు పైన సంచిలో ఉన్నప్పుడే వస్తారు. అది తమ సరదా. ఉమ్మేస్తాం, ఓ తిట్టు తిడతాం, మళ్లీ కొంటాం.

నా బాధ తమ ఇంట్లో కాపురమున్న బూజు గురించి. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అని దాని పేరు. అది తయారుచేసే విషం అఫ్లటాక్సిన్. దాని సంగతి లోకానికి తెలిసింది టర్కీ కోళ్ల పుణ్యాన. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోతే, ఇదేదో కొత్త రోగమని తలలు పట్టుకున్నారు. చివరికి దాణా వెతికితే నూనె తీయగా మిగిలిన పల్లీ చెక్క, అదీ బూజు పట్టింది, దొరికింది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో ఇదే విషం, పల్లీలో కాదు, అకాల వానలకు తడిసి బూజు పట్టిన మక్కజొన్నల్లో వచ్చింది. కామెర్లతో వంద మందికి పైగా పోయారు. ఆ సంగతి తేల్చింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే. ఒకేసారి ఎక్కువ పడితే అట్లా. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి పడితే కాలేయ క్యాన్సర్. విచిత్రం ఏమిటంటే, ఒంట్లో పడ్డ దాన్ని అసలైన విషంగా మార్చేది మన కాలేయమే. వదిలించుకుందామని దాన్ని మారుస్తుంది, ఆ మారింది పోయి అక్కడి కణాల జన్యువులనే అంటుకుంటుంది. ముందే హెపటైటిస్ బి ఉన్నవాళ్లకైతే ముప్పు ఎన్నో రెట్లు. దానికి టీకా ఉంది గానీ, తమకు లేదు.

ఇది వాట్సాప్‌లో వచ్చింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లటాక్సిన్లను మొదటి గ్రూపులో పెట్టింది. అంటే క్యాన్సర్ తెస్తుందనడానికి రుజువు గట్టిగా ఉందని. ఎంత తింటే ఎంత ముప్పు అనేది వేరే లెక్క. బస్టాండ్‌లో నమిలిన ఒక్క గింజకు ఎవరూ పోరు.

ఈ తేడా మా బావమరిదికి చెప్పి ఒప్పించలేకపోయాను. ఆయన డైట్ కోక్‌లోని తీపి గురించి హెచ్చరిస్తాడు. దాన్ని 2023లో "కావచ్చునేమో" అనే 2బి గ్రూపులో వేశారు. మాడిన రొట్టె అంచు గిల్లి పారేస్తాడు. మైక్రోవేవ్ ఉన్న వంటింట్లోకి అడుగే పెట్టడు. ఇవన్నీ చెబుతూ జేబులోంచి చిన్న పొట్లం తీసి, పళ్లతో చింపి, నోట్లో పోసుకుంటాడు. అందులో ఉన్న వక్క మొదటి గ్రూపు, పొగాకు మొదటి గ్రూపు. నిషేధం ఉన్నా ఆ పొట్లాలు తమను అమ్మిన దుకాణంలోనే దారానికి వేలాడుతున్నాయి. సాయంత్రం ఆయన పోసుకునే పెగ్గు కూడా మొదటి గ్రూపే, కానీ అది "లైట్‌గా" కాబట్టి లెక్కలోకి రాదట. సరే, ఆయన సంగతి ఆయనకే వదిలేద్దాం. అల్లం వేసి మరిగించిన చాయ్ పొగలు కక్కుతుండగానే గొంతులో పోసుకునే అలవాటు నాకూ ఉంది. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలను 2016లో "బహుశా" అనే 2ఎ గ్రూపులో వేశారని తెలిశాక ఊదుకుని తాగుతున్నాను.

తమరి విషయానికి వద్దాం. పాలమూరు పల్లీ అంటే మాకు గర్వం. వనపర్తి, గద్వాల, కల్వకుర్తి, అచ్చంపేట వైపు యాసంగిలో ఎటు చూసినా పచ్చటి పల్లీ చేన్లే. పంట చివర్లో నేల ఎండి వేడెక్కితే ఆ బూజు భూమిలోనే కాయలోకి దూరుతుంది. నీళ్లు కట్టే యాసంగి పంటకు ఆ బాధ తక్కువ. పీకేది కూడా ఎండలు ముదిరే వేళ, కాయ గలగలమనేలా ఆరుతుంది. తేమ 8 శాతం లోపు ఉంటే బూజుకు బతుకుతెరువు లేదు. అంటే మా రైతు ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు తమరు చాలావరకు మర్యాదస్తులే.

ఆ తర్వాత చెడగొట్టేది మనుషులు. ఆరిన కాయను ఒలిచే మిషన్‌లో పోస్తే గింజ బద్దలవుతుంది, బద్దకు రేటు రాదు. అందుకని పోసే ముందు కాయ మీద నీళ్లు చల్లే అలవాటు ఒకటుంది. గింజ నిండుగా వస్తుంది, తూకం కూడా కాస్త కిందికి మొగ్గుతుంది. ఎండలో నాలుగైదు రోజులు ఆడవాళ్లు తిరగేసి మరగేసి ఆరబెట్టిన కష్టాన్ని ఒక్క బకెట్ నీళ్లు మింగేస్తాయి. అదే తడితో గోనె సంచిలో కుక్కి, గాలి ఆడని గోదాములో గోడకు ఆనించి ఎత్తుగా పేరుస్తారు. ఇక బూజుకు పెళ్లి పందిరి వేసినట్టే.

వేయిస్తే పోదా అని అడగకండి. వేపితే కొంత తగ్గుతుంది, మన కడాయి వేడికి పూర్తిగా చావదు. ఉడకబెట్టినా అంతే.

యూరప్ వాళ్లు నేరుగా తినే పల్లీలో అఫ్లటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే ఓడలోంచి సరుకు దించనివ్వరు. మన దేశంలో నేరుగా తినేవాటికి 10, ఇంకా శుద్ధి చేయాల్సినవాటికి 15 అని పెట్టుకున్నారు. పెట్టుకోవడం పెద్ద కష్టం కాదు. తక్కువ ఖర్చుతో పరీక్షించే పద్ధతిని పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు తయారుచేసి ఎన్నో ఏళ్లయింది. ఎగుమతి సరుకును పరీక్షిస్తారు, రంగు మారిన గింజల్ని మిషన్‌తో పట్టి పక్కకు నెడతారు. పట్టినవన్నీ ఏమవుతాయని ఎవరైనా అడిగారా? పారబోస్తే నష్టం కదా. తక్కువ రేటుకు తిరిగి మన మధ్యకే వస్తాయి. నూనెకు పోతాయి. రిఫైన్ చేస్తే ఆ విషం పోతుంది గానీ, అచ్చమైన గానుగ నూనె అని మురిసిపోయే దాంట్లో గింజ మంచిది కాకపోతే మురిపెం మాత్రమే అచ్చమైనది. చెక్క బర్రెలకు పోతుంది. బర్రె తిన్నదాంట్లో కొంత రూపం మార్చుకుని పాలల్లో దిగుతుంది. మిగిలినవి పొడికి, చట్నీకి, పల్లీ పట్టీకి.

చూడు, కోపం నీ మీద కాదు. "తెల్వదు" అన్న ఆ మాట మీద. పల్లీ లేకుండా మాకు పూట గడవదు. ఇడ్లీ పక్కన చట్నీ పల్లీదే, గుత్తొంకాయ మసాలా పల్లీదే, పులిహోర పోపు, సర్వపిండి, అన్నీ పల్లీతోనే. పొద్దున ఆరు గంటలకు టిఫిన్ బండి దగ్గర నిలబడి తినే కూలీ గిన్నెలో ఏముందో వాడికి తెల్వదు. చేదు తగిలితే ఇంత ఎండుమిర్చి, ఇంత చింతపండు ఎక్కువ పడుతుంది, వాడికి మరింత తెల్వదు. బడి గేటు ముందు పట్టీ కొనుక్కునే పిల్లకు బెల్లం తీపిలో ఏమీ తెల్వదు. తెల్వకపోవడమే వీళ్లకు వ్యాపారం! గింజ గింజగా అమ్మితే పట్టుబడతావు కాబట్టి నిన్ను నలిపి, పొడి చేసి, ఉప్పూ కారం కలిపి, మంచివాళ్ల మధ్య కూర్చోబెట్టి మా కంచాల్లోకి పంపిస్తారు. అంతా అయ్యాక, పెద్దగా మందు తాగని మనిషికి లివర్ ఎట్లా పాడైందని ఇంట్లో వాళ్లు తల బాదుకుంటారు. ఆ ఇంటికి పోయి చెబుతాడా ఆ దుకాణదారు, మిక్సీల ఏసినం, అందుకే తెల్వలేదని?

నిజం చెప్పనా? వాళ్లందరికంటే నువ్వే నయం. అఫ్లటాక్సిన్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. చేదుగా ఉన్న ప్రతి గింజలో అది ఉందని కాదు, కమ్మగా ఉన్న గింజలో లేదనీ కాదు. కానీ నువ్వు నోట్లో పడగానే "నన్ను తినకు" అని మొహం మీదే చెప్పావు. చాటలో ముడతలు చూపించావు, నల్లమచ్చలు చూపించావు. అట్లాంటి గింజల్ని ఏరి పక్కన పెడితే విషంలో చాలా భాగం వాటితోనే పోతుందట. కళ్లున్న మనిషికి, ఒక మధ్యాహ్నం తీరికున్న మనిషికి నువ్వు దొరుకుతావు. మా అమ్మ ఏ పప్పు వండినా చాటలో పోసి, ఏరాకే పొయ్యి మీద పెట్టేది. మేం పిల్లలం ఆకలని గోల పెడితే, "చెడ్డ గింజను ఏరుకుంటనే ఉండాలె బిడ్డా" అనేది. నేను మిక్సీ కొన్న రోజే ఆ చాట అటక ఎక్కింది. ఇప్పుడు దించాను.

ఇక నిన్ను ఎక్కడ పారేయాలన్నదే నా చిక్కు. పక్కింటి యాదమ్మ "బర్రెకు వెయ్యి తమ్మీ, కుడితిల కలుపుతా" అంది. మేము పాలు పోయించుకునేది ఆమె దగ్గరే, వద్దన్నాను. కోళ్లకు వేద్దామంటే టర్కీ కోళ్లు గుర్తొచ్చాయి. చెత్త ఆటోలో వేయబోతే, ఆటో తమ్ముడు కవరు విప్పి చూసి, "పల్లీలు పారేస్తున్రా సార్? మంచిగనే ఉన్నయ్ గదా!" అని తన సీటు పక్కన పెట్టుకోబోయాడు. పెట్టుకుంటే మళ్లీ మిక్సీలోకే కదా నీ ప్రయాణం! అతని చేతిలోంచి లాక్కుని, ఇంట్లోకి పోయి ఫినాయిల్ సీసా తెచ్చి, వాడి ముందే నీ మీద సగం గుమ్మరించాను. వీధిలో వాళ్లంతా నాకు పిచ్చి లేచిందనుకున్నారు. ఆటో తమ్ముడైతే ముక్కు మూసుకుని, "గిట్లెవరన్న పోస్తరా సార్, తినే వస్తువు మీద!" అన్నాడు.

ఇట్లు,
వచ్చే వారం అదే దుకాణానికి, ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లబోయే
తమ విధేయుడు